ఫ్లోరెన్స్ గారి ఎర్రపెన్నూ, కంప్రెసర్ మెడలో దండా

ఫ్లోరెన్స్ గారి గురించి రాయమంటే, మూడేళ్ల క్రితమైతే నేను రేపల్లె ఎండల మీద ఒక పేజీ, కాలమహిమ మీద ఇంకో పేజీ రాసి, ఆవిడ పేరు మూడో పేజీలో ఎత్తేవాణ్ని. ఇప్పుడు ఆ ధైర్యం లేదు. ఆవిడ చూస్తే ఎర్రపెన్ను తీస్తారు. కాబట్టి ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను. తెనాలిలో ఇరవై రెండేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన ఆ మనిషి రాకపోయి ఉంటే, మా సింగయ్య బాబాయ్ షెడ్డు మూతపడేది, మేనేజరుగా నా కథ కంచికి చేరేది.

నా పేరు రాజ్ కుమార్. రేపల్లెలో సింగయ్య గారి ఐసు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా మేనేజర్ని. ఆయన్ని ఊరంతా బాబాయ్ అంటుంది, నేనూ అంతే. ఫ్యాక్టరీ వెనక పెద్ద షెడ్డుంది. నిజాంపట్నం నుంచి వచ్చే చేపలు, రొయ్యలు అక్కడ నలభై మంది ఆడవాళ్లు శుభ్రం చేసి, ఐసులో సర్ది, విజయవాడ పంపుతారు. బాబాయ్ పడవల మీద పెరిగినవాడు. చదువు అబ్బలేదు గానీ చదువంటే గౌరవం. ఆ గౌరవమంతా నా మీద కుమ్మరించేవాడు. "మావోడు ఉత్తరం రాసేడంటే, చదివేవోడు మధ్యలో ఆగి మంచినీళ్లు తాగాల్సిందే" అని పదిమందిలో చెప్పేవాడు. అది పొగడ్తే అనుకుని నేను తల వంచుకుని సిగ్గుపడేవాణ్ని.

నా ఉత్తరాల సంగతి కొంచెం చెప్పాలి. కరెంటు ఆఫీసుకి రాసినా, ఉప్పు కొట్టుకి రాసినా, "తమరు, తమ కుటుంబసభ్యులు, తమ సిబ్బంది యావన్మందీ క్షేమమని తలుస్తాము" అనే మొదలుపెట్టేవాణ్ని. ఎత్తుకోగానే విషయంలోకి దిగడం మొరటుతనమని నా నమ్మకం. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఎందుకొచ్చావని అడుగుతామా?

ఇక మా వైపు చెడ్డకబురు చెప్పే పద్ధతి వేరే ఉంది. మనిషి పోయాడని ఫోనులో ఎవరూ చెప్పరు. "కొంచెం ఒంట్లో బాగోలేదు, కంగారు పడకండి, ఒకసారి బయలుదేరి రండి" అంటారు. దారిలో వాళ్లకి ఏమైనా అవుతుందేమోనని భయం. వినేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. అందుకే మా జిల్లాలో ఎవరినైనా కంగారు పెట్టాలంటే, కంగారు పడకండి అంటే చాలు.

మూడేళ్ల క్రితం మే నెలలో ఒకరోజు తెల్లవారేసరికి మా కంప్రెసర్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. ఆ పూట విజయవాడ వెళ్లాల్సిన రొయ్యలు ఆరింటికల్లా మెత్తబడిపోయాయి. వాటిని కొనేది బర్నబాస్ గారు. విజయవాడలో హోటళ్లకీ, పెళ్లి భోజనాలకీ చేపలు సరఫరా చేసే కంపెనీలో కొనుగోళ్లన్నీ ఆయన చేతిమీదే. మా సరుకులో ముప్పాతిక ఆయనకే వెళ్తుంది. స్వతహాగా బాపట్ల మనిషి, మన పద్ధతులన్నీ తెలిసినవాడు. అలాంటి పెద్దమనిషికి పొద్దున్నే "సరుకు పాడైంది" అని మొహాన కొట్టినట్టు ఎలా చెబుతాం? బాగా ఆలోచించి, వాట్సాప్‌లో ఇలా రాశాను.

"గౌరవనీయులైన బర్నబాస్ గారికి నమస్కారములు. తమరు క్షేమమని తలుస్తాము. ఇక్కడ తెల్లవారుజాము నుంచి పరిస్థితి ఏమీ బాగోలేదు. చేయగలిగిందంతా చేశాము. దైవనిర్ణయానికి తలవంచక తప్పదు కదా. సింగయ్య గారు మిమ్మల్ని చాలా తలుచుకున్నారు. తమరు కంగారు పడకుండా ఒకసారి బయలుదేరి రావలసిందిగా ప్రార్థన."

రాసి, రెండుసార్లు చదువుకుని, బాగా వచ్చిందని ముచ్చటపడి, ఫోను బల్లమీదే మర్చిపోయి మెకానిక్ కోసం భట్టిప్రోలు వెళ్లాను.

మెకానిక్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి పదకొండవుతోంది. అప్పుడే గేటు ముందు ఒక కారు ఆగింది. తెల్లచొక్కాల్లో నలుగురు దిగారు. వెనక సీట్లోంచి ఇద్దరు కలిసి ఒక గులాబీ దండ బయటికి తీశారు. తెనాలి మార్కెట్‌లో అంతకంటే పెద్దది దొరకలేదని తర్వాత తెలిసింది. షెడ్డు పెత్తనం చూసే దుర్గ ఆ దండ చూసి, "ఒసే, బాబాయ్‌కి సన్మానమంట!" అని కేకేసింది. నలభై మందీ చేతులు కడుక్కుని చప్పట్లు కొడుతూ బయటికొచ్చారు. ఏడుపులు వినబడతాయనుకున్న బర్నబాస్ గారు చప్పట్లు విని నిలువునా కొయ్యబారిపోయారు.

ఆ చప్పట్లకి సింగయ్య బాబాయ్ పెసరట్టు నములుతూ లుంగీతో బయటికొచ్చాడు.

వచ్చినవాళ్లలో ఒకాయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. బర్నబాస్ గారే ముందుగా నోరు విప్పారు. "మీరు... బాగానే ఉన్నారాండి?"

"నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను. రండి రండి. దండెవరికండీ?"

ముందుగా అర్థమైంది బాబాయ్ భార్య పున్నమ్మ పిన్నికి. ఆవిడ గుమ్మంలోంచి ఒక్క అరుపు అరిచింది. "నా పసుపుకుంకాల మీదికి తెచ్చిందెవరయ్యా?" బర్నబాస్ గారు తన ఫోను తెరిచి నా మెసేజి చూపించారు. పిన్నికి చదువు రాదు కాబట్టి దుర్గ పైకి చదివింది. చదువుతున్నంతసేపూ ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. చివరికి బాబాయ్ కూడా తిరిగాడు, చేతిలో పెసరట్టు ముక్క అలాగే ఉంది.

దండ ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఇంట్లోకి తేవడానికి వీల్లేదంది పిన్ని. పారేస్తే అరిష్టం. ఇంతలో మెకానిక్ కంప్రెసర్ విప్పి చూసి, "ఇది పోయిందండి, ఇంక లేవదు" అని తేల్చాడు. బర్నబాస్ గారు ఆ దండ తీసుకెళ్లి కంప్రెసర్‌కి వేశారు. "నిజంగా పోయింది ఇదేగా" అన్నారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"సింగయ్య గారూ, మిషన్ చెడటం తప్పు కాదండి. నాకు తెలియకపోవడం తప్పు. ఆరింటికి 'సరుకు పాడైంది' అని ఒక్క ముక్క రాసుంటే చీరాల నుంచి తెప్పించుకునేవాణ్ని. ఇప్పుడు పెళ్లివాళ్లకి రొయ్యల బదులు ఈ దండ పెట్టాలి. నేను కారులో కూర్చుని వేమూరు దాకా ఏడ్చుకుంటూ వచ్చాను, అది వేరే సంగతి." ఊపిరి పీల్చుకుని ఆఖరిమాట చెప్పారు. "నెల రోజులు చూస్తాను. ఇంకొక్కసారి ఇలాంటి కబురొస్తే మీతో పని మానేస్తాం. మా ఆఫీసులో అందరికీ ఉత్తరాలు రాయడం నేర్పింది తెనాలి ఫ్లోరెన్స్ గారు. ఆవిణ్ని పిలిపించుకోండి."

కారు వెళ్లాక బాబాయ్ నన్ను కూర్చోబెట్టాడు. "బర్నబాసు గారు మానేస్తే షెడ్డు మూసెయ్యాలిరా. నలభై మంది ఆడోళ్లకి ఆ కబురు నువ్వే చెప్పాలి. ఎలా చెప్తావు? కంగారు పడకండి, బయలుదేరి రండి అంటావా? నీ ఉత్తరమే ముంచింది. నీ ఉత్తరమే గట్టెక్కించాలి." తిట్టినా బాగుండేది. పద్దెనిమిదేళ్లలో ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడింది అదే మొదటిసారి, నాకు నిజంగా భయమేసింది.

ఫ్లోరెన్స్ గారు తెనాలి నుంచి పొద్దున పాసింజర్లో దిగారు. అరవై దగ్గరపడ్డ మనిషి, నూలుచీర, గొడుగు, గుడ్డసంచిలో టిఫిన్ బాక్సు, రెండు ఎర్రపెన్నులు. పుట్టింది బాపట్లలో. తండ్రి లూథరన్ చర్చి బడిలో మేష్టరు. తెనాలి ప్రెస్సులో పెళ్లిపత్రికలు, పంచాంగాలు, ఎన్నికల కరపత్రాలు, క్రిస్మస్ సంచికలు అన్నీ ఆవిడ కళ్ల ముందు నుంచే వెళ్లేవి. యజమాని పెద్దవాడై ప్రెస్సు మూసేశాక, కొట్లకీ కంపెనీలకీ రాతకోతలు దిద్దడం, వాళ్ల మనుషులకి నేర్పడం మొదలుపెట్టారు. మొదట పిలిచింది ఒక విత్తనాల కొట్టాయన. ఆయన కరపత్రంలో తన ఫొటోలు నాలుగు, తాతగారి ఫొటో ఒకటి ఉండి, విత్తనం ఎప్పుడు చల్లాలో మాత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. ఈవిడ తాతగారిని తీసేసి, ఆ వాక్యాన్ని ఆయన స్థానంలో కూర్చోబెట్టారు. కొట్టాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, రైతులు అడిగిందే అడిగి ప్రాణం తియ్యడం మానేశారని చెప్పి, ఇంకో కరపత్రం చేతిలో పెట్టాడట.

షెడ్డులో చేపల ట్రేలు బోర్లించి అందరం కూర్చున్నాం. ఆవిడ నా ఉత్తరాల ఫైలు అడిగారు. గర్వంగానే ఇచ్చాను. పైనున్న ఉత్తరం చదివి తలెత్తారు.

"రాజ్ కుమార్ గారూ, ఇందులో మీకు కావాల్సిందేంటండి?"

"ఐసు దిమ్మలు మోసే తోపుడుబండికి కొత్త చక్రాలండి."

"అది ఎక్కడ రాశారండి?"

"చివర్లో అండి."

"చివర్లో కూడా లేదండి."

తీసుకుని చూశాను. నిజంగానే లేదు. రెండు పేజీల మర్యాదలో చక్రాల సంగతి మర్చిపోయాను. చక్రాలు అమ్మే కొట్టువాళ్లు కూడా మా క్షేమం కోరుతూ జవాబు రాశారు. ఆ చక్రాలు ఆరు నెలలు ఎందుకు రాలేదో ఆ రోజు తెలిసింది. దుర్గ నవ్వి నవ్వి ట్రే మీదనుంచి జారిపోయింది.

ఆవిడ నేర్పింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. చెడ్డకబురు చెప్పాల్సొస్తే ముందు జరిగింది చెప్పు, దానివల్ల అవతలివాళ్లకి ఏమవుతుందో చెప్పు, నువ్వేం చేస్తున్నావో చెప్పి ఊరుకో. మర్యాద చేసుకోవాలనుంటే ఆ తర్వాత ఎంతైనా చేసుకో. అందరిచేతా వంతులవారీగా చెప్పించేవారు. దుర్గకి మొదటిరోజే పట్టుబడింది. "వంజరం రాలేదండి. మధ్యాహ్నానికి మీకు ఇరవై కిలోలు తగ్గుద్ది. చందువాలున్నాయి, పంపమంటారా?" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. టీచరుగారు ఎర్రపెన్ను మూత పెట్టి, "ఇందులో నాకు పనిలేదమ్మా" అన్నారు. పద్దెనిమిదేళ్ల మేనేజర్ని, నాకు ఆ మాట దక్కలేదు.

బాబాయ్‌కి మాత్రం ససేమిరా నోరు పెగల్లేదు. "సముద్రం ఒడ్డున పుట్టినోళ్లం అమ్మా. పడవ రాకపోతే రాలేదని అనం, ఇంకా వస్తంది అంటాం. చెడ్డమాట నోట్లోంచి వస్తే అదే జరుగుద్ది."

"పడవ సంగతి మీ ఇష్టమండి, దాన్ని దిద్దడానికి నేనెవర్ని?" అన్నారావిడ. "లారీ సంగతి మాత్రం చెప్పండి."

నేను ఆ పాఠం ఇంటికి కూడా మోసుకెళ్లాను. ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ కరుణశ్రీతో, "కూర మాడింది. నాకు ఆకలి తీరదు. నేను హోటలుకి వెళ్తున్నాను" అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టి, "నేనూ అలాగే చెప్తానండి. రేపు కూడా అక్కడే తినండి" అంది. టీచరుగారు చెప్పిన మూడు ముక్కలూ అందులో లేకపోయినా బాగానే అర్థమైంది. మర్నాడు టీచరుగారికి చెబితే, "కొనేవాళ్ల కోసం నేర్పింది కట్టుకున్నవాళ్ల మీద ప్రయోగించమని నేను చెప్పలేదండి" అన్నారు.

రెండో వారంలో నేను ఆవిడతో తగువు పడ్డాను. నేను రాసిన ఉత్తరంలో పన్నెండు లైన్లకి పదకొండు కొట్టేశారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "మేడమ్, మీది చదువండి, మాది మనసు. అవతలివాళ్లు తట్టుకోలేరనే కదండీ మెల్లగా చెప్తాం? మన పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లా? ఆ ప్రేమ మీకు అర్థం కాదండి" అన్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టారు.

"నాకు ఇరవై ఆరేళ్లప్పుడండి. ప్రెస్సుకి ఫోనొచ్చింది. బాపట్ల నుంచి మా సుగుణమ్మ పిన్ని. 'నాన్నకి కొంచెం నలతగా ఉంది, కంగారు పడకు, రా' అంది. ఆవిడకి ఏడుపు వినపడనివ్వకుండా మాట్లాడటం బాగా చేతనైంది. నేను నమ్మానండి. జ్వరమొస్తే మా నాన్న బత్తాయిలు తప్ప ఏదీ తినరు. పదింటి రైలు వదిలేసి మార్కెట్‌కి వెళ్లాను. ఒక్కొక్క కాయా పట్టుకుని చూసి, రసం ఉన్నవి ఏరి, రెండు కిలోలు తీసుకున్నాను. తర్వాతి రైలెక్కాను." ఆగి గొడుగు పక్కకి పెట్టుకున్నారు. "ఎండాకాలం. ఎక్కువసేపు ఉంచలేమన్నారట. నేను వెళ్లేసరికి సమాధుల తోట నుంచి అందరూ తిరిగొస్తున్నారు. పదింటి రైలెక్కి ఉంటే ముఖం చూసేదాన్ని. బత్తాయిల కోసం ఆగానండి."

మా వెనకాల, కొత్త కంప్రెసర్ మీద గడ్డకట్టిన ఐసు దిమ్మలు బల్ల మీదికి జారుతున్న చప్పుడు వినబడుతోంది. నేను తల దించుకున్నాను.

"మావాళ్లకి నా మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదు. ఉందండి, చాలా ఉంది. నాకు తెలియాల్సింది తెలియలేదు, అంతే." మళ్లీ పెన్ను తెరిచారు. "ఆ మిగిలిన లైను బాగుందండి. దాన్ని పైకి తీసుకురండి."

నెల తిరగడానికి ఇంకా మూడు రోజులుందనగా నా ఖర్మ కాలింది. నిన్నటి సరుకు పన్నెండు ట్రేలు ఎండబెట్టడానికి పక్కన పెట్టించాం, గుర్తుకి ఎర్రతాడు కట్టి. పొద్దున్నే లారీ హడావిడిలో వాటిని కూడా నేనే దగ్గరుండి ఎక్కించాను. లారీ వెళ్లిన అరగంటకి దుర్గ పరిగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, ఎర్రతాడు ట్రేలేవి?"

డ్రైవరు ఫోనెత్తడం లేదు. బాబాయ్ మొహం పాలిపోయింది. "టైరు పేలిందని రాయరా. కాదు, గేదె అడ్డమొచ్చిందను. కాదు కాదు, బర్నబాసు గారిని ఒకసారి బయలుదేరి..." అని, తనే నాలిక కరుచుకున్నాడు.

ఈలోగా దుర్గ పన్నెండు తాజా ట్రేలు వేరే బండికెక్కించి పంపేసింది. నేను ఫోను తీశాను. "గౌరవనీయులైన" అని వేళ్లే కొట్టేశాయి. చెరిపాను. "తమరు" చెరిపాను. దేవుణ్ని కూడా చెరిపాను, ఆయన క్షమించాలి. చివరికి ఇది మిగిలింది.

"బర్నబాస్ గారూ, ఈ పూట లారీలో ఎర్రతాడు కట్టిన పన్నెండు ట్రేలు నిన్నటి సరుకు. వాటిని వాడితే మీకు మాట వస్తుంది, పక్కన పెట్టించండి. పొరపాటు నాది. బదులు పన్నెండు తాజా ట్రేలు ఇప్పుడే వేరే బండిలో బయలుదేరాయి, పదింటికి చేరతాయి. రాజ్ కుమార్."

పంపడానికి మాత్రం వేలు కదల్లేదు. ఇది చూసి ఆయన మానేస్తే, నలభై మందిని వీధిలో పెట్టింది నా చేతిరాతే అవుతుంది. షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. పున్నమ్మ పిన్ని నా పక్కకొచ్చి నిలబడింది. "ఈసారి ఎవరినీ చంపలేదు కదా?" అనడిగింది. లేదన్నాను. "అయితే పంపు" అని తనే వేలుతో నొక్కేసింది.

పదకొండు నిమిషాలకి జవాబొచ్చింది. "సరే. పది దాటకూడదు."

"అంతేనా? మన క్షేమం అడగలేదేంటిరా?" అన్నాడు బాబాయ్. కానీ అప్పటికే దుర్గ ఆ మూడు మాటలు షెడ్డంతా వినబడేలా చదివేసింది. అంత పొట్టి జవాబు విని అంతమంది సంతోషపడటం నేను చూడలేదు. బండి పదికి పది నిమిషాల ముందే చేరింది.

నెలాఖరున బర్నబాస్ గారు బాబాయ్‌కి ఫోను చేశారు. "పొరపాట్లు అందరూ చేస్తారండి. మీవాడు ముందే చెప్పాడు. నాకు అది చాలు, పని ఆపట్లేదు" అన్నారు. బాబాయ్ ఫోను పెట్టేసి, సముద్రం ఉన్న దిక్కుకి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత కొంచెం ఆలోచించి తెనాలి దిక్కుకి కూడా పెట్టాడు.

ఆ రాత్రి నేను ఫ్లోరెన్స్ గారికి ఉత్తరం రాశాను. వాట్సాప్ కాదు, కాగితం మీద, నాలుగు పేజీలు. కృతజ్ఞత చెప్పేటప్పుడు కూడా పొదుపు చేస్తే మనిషి పుట్టుకెందుకని, పాత రాజ్ కుమార్ కట్లు తెంచుకున్నాడు. క్షేమం అడిగాను. గురువు గొప్పదనం రాశాను. ఆవిణ్ని చల్లని నీడతోనూ, కృష్ణానదితోనూ, ఒకచోట పొరపాటున ఐసు దిమ్మతోనూ పోల్చాను. నా ఉద్యోగం నిలబెట్టారని రాశాను. కాగితం అయిపోవస్తుంటే, మూలన ఖాళీ ఉందని ఇంకో వాక్యం ఇరికించాను.

వారం తర్వాత ఆ ఉత్తరమే తిరిగొచ్చింది. మొదటి పేజీ అంతా ఎర్రగా కొట్టేసి ఉంది. రెండో పేజీ, మూడో పేజీ కూడా. గురువు, నీడ, నది, ఐసు దిమ్మ, ఒక్కటీ బతకలేదు. నాలుగో పేజీ అడుగున, మూలన ఇరికించిన వాక్యం ఒక్కటే గీత పడకుండా మిగిలింది.

"మీ నాన్నగారి సంగతి చెప్పిన రోజు, నేను ఇంటికెళ్లి ఏడ్చానండి."

దాని పక్కనే ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాశారు. "ఇది ముందు రాయాల్సిందండి."